మత్తరికెలు

మా ఆయన కొండల నడుమ గుడారి అనే ఊళ్లో బడిపంతులుగా ఉన్న రోజులవి. యాభైల చివర. నాకు మొదటి కాన్పయి నాలుగు నెలలైంది. ఇంట్లో మేమిద్దరం, పాప, మా అత్తగారు. ఆ ఏడు వానలు పోవాల్సిన వేళకి పోలేదు. కోసిన పంటంతా పొలాల్లోనే నానిపోయింది. ఏరు పొంగి బళ్లు రాక, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. అత్తగారు సంతకి వెళ్లి అరికెలు తెచ్చింది. వరిగట్ల మీద, నీళ్లు నిలిచే చోట దానంతటదే మొలిచే గడ్డి అది. దాన్నే అక్కడి కొండవాళ్లు పంటగా కూడా వేస్తారు. కొత్త గింజలు. దంచుతుంటే ఇంకా తడి వాసన వచ్చింది.

పొద్దున్న మా ఆయన అరికెల అన్నంలో ఉలవచారు పోసుకుని తిని బడికి వెళ్లారు. తరవాత అత్తగారు తింది. ఆఖర్న నేను కూర్చున్నాను. నాలుగు ముద్దలకి మించి సయించలేదు.

పెరట్లో గిన్నెలు తోముతుంటే దంచిన అరికెల నూకలు తిన్న కోడిపెట్ట ఒకటి మెడ వాల్చి పక్కకి పడి కనిపించింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఇంకోటి రెక్కలు ఈడ్చుకుంటూ తూలుతోంది. కోళ్లకి జబ్బు వచ్చిందనుకుని అత్తగారిని పిలిచాను. పలకలేదు. లోపలికి వెళితే గోడకి జారబడి కూర్చుని ఉంది. మోకాళ్ల మీద చేతులు జల్లెడ పట్టినట్టు ఊగుతున్నాయి.

"ఏటయ్యింది అత్తా?"

"సలేస్తంది... దుప్పటి తే."

బయట ఎండ మండిపోతోంది. మాట ముద్దముద్దగా వచ్చింది. అంతలోనే కక్కుకుంది. పాము కరిచిందేమోనని ఆవిడ పాదాలు రెండూ తిప్పి తిప్పి వెతికాను.

"పురుగు కాదే అమ్మీ. అరికెలు. మత్తరికెలు. నువ్వూ తిన్నావేటి?"

"తిన్నానత్తా."

ఆవిడ నా వైపు చూడలేదు. ఉయ్యాల వైపు చూసింది.

"పిల్లకి పాలియ్యకు."

ఆ మాటకే లేచినట్టు పాప ఏడుపు అందుకుంది. ఏడుపు వినగానే నాకు పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. నా వేళ్లు వణుకుతున్నాయి. భయానికి వణుకుతున్నాయో, తిన్న అన్నానికో తెలియలేదు. ఎత్తుకుంటే పాప నోరు తెరిచి రొమ్ము వెతుక్కుంటోంది. దాని మొహాన్ని నా చేత్తోనే పక్కకి తిప్పాను.

మా వీధి చివర ఆసుపత్రి నర్సమ్మ ఉండేది. విజయనగరం వైపు మనిషి. ఆ కాస్త దూరం నడుస్తుంటే నేల ఒక పక్కకి ఒరిగినట్టయింది. పిల్లని జారవిడుస్తానేమోనని దారి మధ్యలోనే కూలబడ్డాను. నా అరుపు విని ఆవిడే పరుగెత్తుకొచ్చి పాపని అందుకుంది.

నా చేత ఉప్పునీళ్లు తాగించి కక్కించింది. ఆవుపాలు కాచి, నీళ్లు కలిపి, దూది వత్తితో పాప నోట్లో పిండింది.

"మళ్లీ నా పాలెప్పుడు ఇయ్యొచ్చు?" అని అడిగాను.

"నాకూ తెలీదమ్మా. రేపటిదాకా అయితే వద్దు."

నర్సమ్మకే తెలియదంటే నాకు ఉన్న ధైర్యం కూడా పోయింది.

నర్సమ్మతో కలిసి ఇంటికి వచ్చేసరికి తోటి పంతుళ్లు ఇద్దరు మా ఆయన్ని భుజాల మీద వేసుకుని తెచ్చారు. తరగతిలో తూలి పడ్డారట. సారా తాగి వచ్చాడని పెద్ద పంతులు కేకలేశాడట, పిల్లలు నవ్వారట. ఆయన నన్ను చూసి ఏదో చెప్పబోయారు, నాలిక తిరగలేదు. తల్లీకొడుకులు పక్కపక్కన పడుకుని వణుకుతుంటే, పిల్లని నర్సమ్మ ఒళ్లో వదిలి, గోడ పట్టుకుని వాళ్ల ఊపిరి వింటూ కూర్చున్నాను. ముగ్గురం పోతే ఈ పిల్ల ఎవరి చేతుల్లో పెరుగుతుంది? ఈ ఊళ్లో మాకెవరున్నారు?

దీపాల వేళకి ఆయన నన్ను పేరు పెట్టి పిలిచారు. గంజి తాగారు. అత్తగారు మర్నాటికి గాని తేరుకోలేదు. గడ్డకట్టిన పాలు నొప్పితో పిండి పారబోశాను. మర్నాడు సాయంత్రం నర్సమ్మ సరేనన్నాక పాపకి పాలిచ్చాను. తాగి నిద్రపోయింది. అది మామూలు నిద్రేనా? మాటిమాటికీ అరికాలు గిల్లి లేపాను. అది ఏడిస్తే గాని నా ప్రాణం కుదుటపడలేదు.

కొన్నాళ్లకి పంటల ఆఫీసరు ఒకాయన బడికి వస్తే మా ఆయన అడిగారు. విషం గింజది కాదట. తడిసిన కంకిలో కంటికి కనపడని బూజు చేరుతుందట. మనుషులు ఆ గడ్డిని పంటగా చేసుకోకముందు నుంచే ఆ బూజు దాన్ని అంటిపెట్టుకుని ఉందేమో, పిట్టలూ పశువులూ గింజ జోలికి రాకుండా కాస్తుందేమో అని ఆ ఆఫీసరు ఊహ. మా ఆయన ఆశ్చర్యంగా విన్నారు. ఇంటికొచ్చి నాకు చెబుతుంటే పాపని ఒళ్లోకి లాక్కున్నాను. ఆ బూజుకి పిట్ట అయినా నా కూతురయినా ఒకటే.

మిగిలిన అరికెల్ని పారబోయమంటే అత్తగారు వినలేదు. "పాతబడితే మత్తు సచ్చిపోద్దే" అంటూ ఎండబెట్టి కుండలో పోసి మూత పెట్టింది. మరుసటి ఏడు వండుకుని తినేసింది కూడా. నేను ముట్టలేదు. పాపని చంకనేసుకుని, ఆ రోజు పొద్దు వాలేదాకా, మళ్లీ ఊగుతాయేమోనని ఆవిడ చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను.

"ఏటలాగ సూస్తావు? పనేటీ లేదా?" అని కసిరింది.