మైకు గొంతు సేఫ్ మోడ్‌లో పడిన రోజు

బస్టాండులో ఇరవై ఆరేళ్ళపాటు మైకు ముందు కూర్చున్న మనిషికి మైకు అనే పేరు పడటంలో వింతేమీ లేదు. వింతల్లా గొంతు పోయాక కూడా ఆ పేరే మిగలడం. రెండేళ్ళ కిందట అతని గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు గడ్డతోపాటు స్వరపేటికనూ తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. అతని కుర్చీలోకి రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి వచ్చి కూర్చుంది. దానికి జలుబు చెయ్యదు, సెలవు అక్కర్లేదు. మైకును తీసుకెళ్ళి అదే బస్టాండులో సామాన్ల గది కిటికీ వెనక కూర్చోబెట్టారు. సంచి తీసుకుని చీటీ ఇవ్వాలి, చీటీ తీసుకుని సంచి ఇవ్వాలి. మరీ అవసరమైతే చేతి కింద పలక ఉంది, రాసి చూపిస్తాడు.

లోకమంతటికీ ఆ పలక సరిపోయింది, ఒక్క అక్కకు తప్ప. అక్కకు చూపు లేదు.

అక్క అతనికంటే తొమ్మిదేళ్ళు పెద్దది. కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది. చూపు ఒక్కసారిగా పోలేదు, పదేళ్ళపాటు కొంచెం కొంచెంగా పోయింది. ఇప్పుడు వేళ్ళతో తడుముకుంటూ దిండు గలీబులు కుడుతుంది. కళ్ళున్నవాళ్ళ కుట్టుకు వంక పెట్టవచ్చేమో కానీ ఆవిడ కుట్టుకు పెట్టలేం. ఇస్త్రీ కొట్టు మీది రెండు గదుల్లో ఇద్దరే ఉంటారు. పెళ్ళిళ్ళు ఎందుకు కాలేదని అడిగితే ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు నెడతారు.

ఆపరేషనయిన కొత్తలో వాళ్ళ అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. అతను రాస్తే ఆవిడ చూడలేదు, ఆవిడ అడిగితే అతను చెప్పలేడు. అరచేతిలో ఒక దెబ్బ కొడితే అవును, రెండు కొడితే కాదు. అవును, కాదులతో ఇల్లు ఎన్నాళ్ళు నడుస్తుంది? ఆస్పత్రిలో ఎవరో పుణ్యం కట్టుకుని అతని ఫోన్‌లో ఒక యాప్ వేసిపెట్టారు. మనం రాసింది అది పైకి చదువుతుంది. మైకు ఇంటికొచ్చి మొదట రాసిన మాట, "అక్కా, టీలో చక్కెర ఎక్కువైంది." అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతను వెంటనే, "ఏడుపెందుకు, చక్కెర తగ్గించు" అని రాశాడు. ఫోన్ అదీ చదివింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. మనిషి గొంతు కాదు, ఎక్కడా ఎక్కువతక్కువలు లేని మరగొంతు. అయినా అందులోంచే తమ్ముడు వెక్కిరిస్తున్నాడో, విసుక్కుంటున్నాడో అక్క ఇట్టే పట్టేసేది. ఆ మధ్య ఫోన్ రెండుసార్లు అతని జేబులోంచి జారిపడింది. ఆవిడ ఊరుకోలేదు. కిందటి ఆదివారం మందపాటి గుడ్డతో దానికి ఒక తొడుగు కుట్టింది. అంచులు రెండు మడతలు వేసి బిగించింది. తెర కనిపించడానికి ఒక కిటికీ, మాట రావడానికి, చార్జింగు పెట్టడానికి చెరో కాజా తీసింది. ఫోన్ లోపల దూర్చాక, ఎవరూ లాగెయ్యకుండా మూతి కూడా కుట్టేసింది. ఫోన్‌ను మళ్ళీ బయటికి తియ్యాల్సి వస్తుందని అక్కకూ తట్టలేదు, తమ్ముడికీ తట్టలేదు. వాళ్ళకు అది గొంతు. గొంతును బయటికి తీసే పనేముంటుంది?

సోమవారం సాయంత్రం అసలు సంగతి వచ్చింది. పక్క ఊళ్ళో చూపులేని ఆడవాళ్ళకు పని నేర్పే బడి ఒకటుంది. కుట్టు నేర్పడానికి అక్కను రమ్మన్నారు. ఉండటానికి గది కూడా అక్కడే. బుధవారం నాలుగింటికి కారు పంపుతామన్నారు.

"నువ్వు చెప్పరా తమ్ముడూ, వెళ్ళనా, మాననా?" అని అడిగింది అక్క.

మైకు ఆవిడ అరచేతిలో గబగబా రెండు దెబ్బలు కొట్టాడు.

"అట్లా రెండు దెబ్బలు కొట్టి తప్పించుకుంటే కుదరదు. ప్రేమకొద్దీ వద్దంటావని నాకు తెలీదా? నేనిక్కడుంటే నీకు బరువు. నా గుడ్డలు ఉతుకుతావు, నన్ను మెట్లు దింపుతావు, ఎక్కిస్తావు. వద్దంటే కారణం చెప్పు. కారణం బాగుంటే ఉండిపోతా, లేదంటే పెట్టె సర్దుకుంటా. ఇంకొకళ్ళ చేత చదివించకు, నీ గొంతుతో నువ్వే చెప్పు."

మంగళవారమంతా సామాన్ల కిటికీ వెనక మైకు కారణం రాశాడు. మనిషికి పాత అలవాటు ఒకటుంది. అసలు మాటకు ముందు పీఠిక లేనిదే అతనికి నడవదు. రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. ఇరవై ఆరేళ్ళు ఊళ్ళపేర్లూ వేళలూ చదివినవాడికి సొంత మాట రాయడం ఎంత కష్టమో ఆరోజు తెలిసొచ్చింది. సాయంత్రానికి పూర్తయింది. ఇంటికెళ్ళగానే వినిపించవచ్చు కదా? వినిపించలేదు. ఒక మాట దగ్గర మనసొప్పక, పొద్దున్నే సరిచేసి వినిపిద్దామనుకున్నాడు. నిజం చెప్పాలంటే భయపడ్డాడు. ఆ భయంలో ఫోన్‌కు చార్జింగు పెట్టడం కూడా మర్చిపోయాడు.

బుధవారం తెల్లారేసరికి ఫోన్ చచ్చి ఉంది. చార్జింగుకు తగిలించి కాసేపాగి నొక్కితే వెలిగింది. తెర కింది మూల ఇంగ్లీషు అక్షరాల్లో సేఫ్ మోడ్ అని కనబడింది. సేఫంటే మంచిదే కదా అనుకున్నాడు పాపం. మాట్లాడే యాప్ బొమ్మ మాత్రం రంగు వెలిసి బూడిదలా ఉంది. నొక్కాడు, ఉలుకు లేదు. మళ్ళీ నొక్కాడు, పలుకు లేదు. 

"చెబుతానన్నావు, చెప్పవేరా?" అంది అక్క, టీ గ్లాసు పట్టుకుని.

ఏమని చెప్పగలడు? ఫోన్ పలకడం లేదని చెప్పడానికి కూడా ఆ ఫోనే పలకాలి. ఆవిడ చెయ్యి తీసుకుని ఫోన్ మీద పెట్టాడు, వేలితో తెర మీద కొట్టించాడు. ఆవిడకు అర్థమైంది, సగమే. "ఇంకా రాయలేదా? సరే, మధ్యాహ్నం చెప్పు. కారు నాలుగింటికి" అని లేచి, పెట్టె బయటికి లాగింది.

డ్యూటీ రెండింటిదాకా. ముందు వదలమని పలక మీద రాసి చూపిస్తే, బదులు మనిషి లేడని సూపర్వైజరు తలకాయ అడ్డంగా తిప్పాడు. సంచీల మధ్య కూర్చుని ఫోన్ ఆపాడు, వేశాడు. పదకొండుసార్లు. పదకొండుసార్లూ ఆ మూల అదే మాట. రాసినదంతా ఆ యాప్ కడుపులో ఉంది. బయట రికార్డు గొంతు గుక్క తిప్పుకోకుండా బస్సుల వేళలు చెబుతూనే ఉంది. దాని మీద అంతకుముందెప్పుడూ రాని అసూయ మైకుకు ఆరోజు వచ్చింది.

రెండు కొట్టగానే బస్టాండు మెట్ల కింద ఉన్న సెల్లు రిపేరు కొట్టుకు పరుగెత్తాడు. కొట్టావిడ కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో ఫోన్ విప్పుకుని ఉంది. ముందు ఇద్దరున్నారు. పలక మీద "అర్జెంటు" అని రాసి చూపిస్తే వాళ్ళూ అర్జెంటే అన్నారు. అతని వంతు వచ్చేసరికి మూడైంది.

"మీ యాప్ ఎక్కడికీ పోలేదన్నయ్యా" అంది ఆవిడ. "ఇట్లా ఉన్నప్పుడు ఫోన్, తనతోపాటు వచ్చినవాటినే పని చెయ్యనిస్తుంది. మీరు తర్వాత వేసుకున్నవాటిని పడుకోబెడుతుంది. ఆపి వేస్తే మామూలుగా లేస్తాయి."

"పదకొండుసార్లు వేశాను" అని రాశాడు.

ఆవిడ పన్నెండోసారి వేసింది. మళ్ళీ అదే. "మొత్తం తుడిచేస్తే దారికి రావచ్చు. కానీ మీరు రాసుకున్నవి కూడా పోతాయి" అనగానే మైకు ఫోన్ లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. ఆవిడ నవ్వాపుకుని, "ఇవ్వండి, తుడవన్లే" అంది. పక్కలంట వేళ్ళతో నొక్కి చూసింది. సౌండు తగ్గించే మీట దగ్గర ఆగింది.

"దొరికింది. ఫోన్ లేచేటప్పుడు ఈ మీట నొక్కి ఉంటే సేఫ్ మోడ్‌లోకే పోతుంది. ఈ గుడ్డ మడత సరిగ్గా దాని మీదే బిగిసింది. ఎవరు కుట్టారో కానీ భలే గట్టిగా కుట్టారు. కత్తిరిస్తే సరి."

ఆవిడ కత్తెర తీసింది. మైకు ఆవిడ చేతికి తన చెయ్యి అడ్డం పెట్టి, పలక మీద "మా అక్క" అని రాశాడు.  కళ్ళు లేని మనిషి ఆదివారమంతా వేళ్ళు పొడుచుకుంటూ కుట్టిన కుట్టు అది. కొట్టావిడ మంచిది. కత్తెర పక్కన పెట్టి, గోటితో మడత పైకి లాగి పట్టుకుని ఫోన్ వేసింది. గుడ్డ జారి మీట మీద పడింది. సన్న పుల్ల ఒకటి దూర్చి మళ్ళీ వేసింది. మళ్ళీ సేఫ్ మోడే. గోడ మీద గడియారం మూడూ ముప్పై అయిదు చూపిస్తోంది. మైకు కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఆవిడ నాలుగు కుట్లు తెంపింది, ఫోన్ వేసింది. తెర మూల ఖాళీగా ఉంది. యాప్ బొమ్మ రంగుతో వెలిగింది. నొక్కితే నిన్న రాసినదంతా అక్షరం పోకుండా కనబడింది. మైకుకు ప్రాణం లేచొచ్చింది.

ఒగర్చుకుంటూ వీధి మలుపు తిరిగేసరికి కారు ఇస్త్రీ కొట్టు ముందు ఆగి ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది. పది నిమిషాలు ముందే వచ్చారట. పెట్టె లోపల పెట్టేశారు. అక్క వెనక సీట్లో చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది, ముఖం వీధి వైపు తిప్పి. పరుగు చప్పుడు వినగానే, "వాడే, వాడొచ్చాడు" అంది డ్రైవరుతో.

మైకు కారు కిటికీలోంచి ఫోన్ లోపలికి చాచి, తెర మీద చదివే గుర్తు నొక్కాడు.

"ప్రయాణికులకు గమనిక" అంది ఫోన్. "ఇస్త్రీ కొట్టు ప్లాట్‌ఫారం నుండి బయలుదేరు కారు సర్వీసు మరికొద్ది నిమిషములలో బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ప్రయాణికురాలైన అక్కగారు తమ పెట్టె, నల్లకళ్ళద్దాలు, కోపము సరిచూసుకొనవలసినదిగా కోరుచున్నాము."

అక్క ఫక్కున నవ్వింది. రెండేళ్ళలో అంత నవ్వు ఆ ముఖంలో లేదు. చెయ్యి చాచి తమ్ముడి చెంప వెతికి పట్టుకుంది.

"నువ్వు ఒప్పుకోవేమోనని పొద్దుట్నుంచీ నా ప్రాణం కొట్టుకుపోయిందిరా. మైకులో చెప్పి మరీ సాగనంపుతున్నావా? ఇంకేం కావాలి నాకు. పోనివ్వు డ్రైవరు బాబూ, చీకటి పడకముందే చేరాలి కదా."

మైకు తల అడ్డంగా ఊపాడు. ఎవరి కోసం ఊపాడు? ఆవిడ చెయ్యి అప్పటికే అతని చెంప వదిలేసింది. కిటికీ అంచు పట్టుకుని, అరచేతిలో రెండు దెబ్బలు కొడదామని ఆ చేతికోసం వంగాడు. అద్దం పైకి లేస్తుంటే తన చెయ్యే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నోరు తెరిచాడు. మెడలోంచి గాలి మాత్రం వచ్చింది. కారు కదిలింది. ఆ పీఠిక రాయకుండా ఉంటే ఏం పోయేది అని అతని మనసు అతన్నే తిట్టింది. నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయాడు.

చేతిలో ఫోన్ మాత్రం, పీఠిక తర్వాత అతను పెట్టుకున్న విరామం దాటి, తన దారిన తాను చదువుతూనే ఉంది.

"అనివార్య కారణముల వల్ల ఈ సర్వీసు రద్దు చేయబడినది. కారణం అడిగావు కదా అక్కా, చెబుతున్నా. లోకంలో అందరికీ నేను రాసి చూపిస్తే చాలు. కళ్ళున్నవాళ్ళకు నా గొంతుతో పనిలేదు. నీ ఒక్కదానికే నేను మాట్లాడాలి. నువ్వు వెళ్ళిపోతే నాకు ఎవరితోనూ మాట్లాడాల్సిన అవసరం ఉండదు. అప్పుడు నేను నిజంగా మూగవాణ్ణయిపోతాను. బరువు నువ్వు కాదు. వెళ్ళొద్దు."

కొట్లోని ఇస్త్రీ ఆయన, ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఆనించి అంతా విన్నాడు. చొక్కా కమురు వాసన వస్తే దాన్ని పక్కకు లాగాడు.

"అయిపోయిందా అన్నా, ఇంకా ఉందా?" అని అడిగాడు మెల్లగా.

అయిపోయిందన్నట్టు మైకు తల ఊపాడు. ఇస్త్రీ ఆయనకు కళ్ళున్నాయి కాబట్టి అది సరిపోయింది.