మార్టూరులో నల్లరాయి, తెరుచుకోని ఫొటో

మొన్న ఆదివారానికి నాన్న పోయి ఏడాది. పొలంలో ఆయన సమాధికి పెట్టడానికి నల్లరాయి పలక ఒకటి మార్టూరులో చేయించాం. పేరు, ఊరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కడం అయిపోయిందనీ, పైన బొమ్మకి జాగా వదిలాననీ రాయి చెక్కే వీరాచారి గారు గురువారం మధ్యాహ్నం ఫోన్ చేశారు. "ఫొటో పంపేసి ఊరుకుంటే చాలదమ్మా, మీరే వచ్చి ఎదురుగా కూర్చోండి. మొహం బాగా ఎరిగినవాళ్ళు పక్కనుంటే పోలిక తప్పదు" అన్నారు. శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టి బయల్దేరాను. ఇలాంటి పని మీద గుంటూరు నుంచి మార్టూరు వెళ్ళేవాళ్ళకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మధ్యలో నా గోల కూడా ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి.

ఏ ఫొటో పెట్టాలన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. నాన్నకి ఫ్లాష్ పడదు. మా తమ్ముడు శ్రీను పెళ్ళి ఆల్బమ్‌లో ఆయనవి పాతిక ఫొటోలుంటే పాతికలోనూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. గోడకి దండ వేసి పెట్టింది ఆధార్ కార్డులోది, దాన్నే పెద్దది చేయించాం. అందులో ఆయన మొహం పోలీస్‌స్టేషన్‌లో తీసినట్టు ఉంటుంది. అమ్మ ఒకటే పట్టు పట్టింది. "ఆ బిగుసుకున్న మొహం రాయి మీద పెట్టారంటే నేను పొలానికి రాను. చేలో ఆయనంతట ఆయన తీసుకుని మీకు పంపాడే, అది పెట్టించండి" అంది. రెండేళ్ళ క్రితం కొత్తగా స్మార్ట్ ఫోన్ కొనిచ్చినప్పుడు మిరప తోటలో నిలబడి తీసుకున్న సెల్ఫీ అది. నాన్న, శ్రీను, నేను, ముగ్గురమే ఉన్న మా ఇంటి గ్రూపులో పెట్టాడు. తర్వాతి సీజన్‌లో ఆయన ఫోన్ పురుగుమందు కలిపే డ్రమ్ములో పడి చచ్చింది. శ్రీను ఫోన్ మార్చాడు, కొత్తదాంట్లోకి పాత మెసేజీలు రాలేదు. ఇక మిగిలింది నా ఫోన్ ఒక్కటే.

నా ఫోన్‌లో అది మసగ్గా ఉంది. మసక మీద కిందికి చూసే బాణం గుర్తు. పొద్దున లేస్తే శుభోదయం పూలూ దేవుళ్ళూ వచ్చి ఫోన్ నిండిపోతుందని ఫొటోలు వాటంతటవి దిగకుండా ఆపేసుకున్నాను, మీలోనూ సగం మంది ఆ పనే చేసుంటారు. గురువారం స్టాఫ్ రూములో ఆ బాణం నొక్కబోయాను, బెల్లు కొట్టారు. రేపు బస్సులో కూర్చుని తీరిగ్గా చూద్దాంలే అనుకున్నాను. నాది మొదటి నుంచీ తర్వాత చూద్దాంలే బాపతే.

గుంటూరు బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఏడున్నరకి. చిలకలూరిపేట మీదుగా వెళ్తుంది, మార్టూరుకి రెండు గంటల లోపు. ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు, మగవాళ్ళు నూటయాభై దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే ఎండ మొహాన కొడుతుంది, కుడివైపు వెతుక్కోండి. ఊరు దాటక ముందే మిర్చి ఘాటుకి బస్సులో సగం మంది తుమ్మారు. అలవాటైన వాసనే, అయినా ప్రతిసారీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం. ఆ తుమ్ముల మధ్యే కూర్చుని బాణం నొక్కాను. సున్నా చుట్టి తిరిగింది, తిరిగింది, ఆగింది. మళ్ళీ నొక్కాను. నా పక్కనామె అప్పటికే తన ఫోన్ ఆపి వెలిగిస్తోంది. వెనక సీట్లో ఎవరో సిమ్ము బయటికి లాగి చీర కొంగుతో తుడుస్తున్నారు.

"మేడం, మీది కూడా పోయిందా?" అన్నాడు కండక్టర్ టికెట్ చింపుతూ. "ఎక్కినప్పటి నుంచి బస్సంతా నన్నే అడుగుతున్నారు. నేనేదో టవరెక్కి తీగ కోసొచ్చినట్టు!"

మెసేజీల యాపూ ఫొటోల యాపూ రెండూ ఒకే కంపెనీవట, రెండూ ఒకేసారి పడుకున్నాయి. పేరెందుకులెండి, మీ అందరి ఫోన్లలోనూ ఉంది. కొందరికి ఇబ్బంది కలుగుతున్నట్టు మా దృష్టికి వచ్చింది, చూస్తున్నాం అని ఆ కంపెనీ రెండు ముక్కలు రాసిందని ముందు సీటాయన వార్తల్లో చూసి చదివాడు. కొందరికి! బస్సులో మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి ఒకేసారి ఏకవచనంలోకి దిగారు. మాకు ఇది కొత్త కాదు, ఈ మధ్య ఇలా పడుకోవడం ఎక్కువైంది. తిట్టి తిట్టి విసుగొచ్చి, చివరికి అందరం మళ్ళీ అదే తెరిచి చూసుకుంటాం. తిట్టడానికి కూడా అందులోకే వెళ్ళాలి కదా, ఇక ఎవరితో చెప్పుకుంటాం.

చిలకలూరిపేటలో పది నిమిషాలు ఆగింది. అక్కడి నుంచి శ్రీనుకి మామూలు ఫోన్ చేశాను.

"ఒరేయ్, నాన్న సెల్ఫీ నీ దగ్గర ఇంకెక్కడన్నా ఉందేమో చూడరా."

"గ్రూపులో ఉందిగా అక్కా."

"గ్రూపే తెరుచుకోవట్లేదురా బాబూ, బాణం దగ్గరే ఆగిపోయింది."

"బాణమేంటి? నువ్వు అప్పుడు ఓపెన్ చెయ్యలేదా?" అన్నాడు. "బొటనవేలు కూడా పెట్టావు కదే!"

పెట్టాను. ఆ రోజు పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్‌లో ఉన్నాను. మసగ్గా నాన్న బొమ్మ కనిపించింది, తెరవకుండానే బొటనవేలు బొమ్మ కొట్టి ఫోన్ బ్యాగులో పడేశాను. సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. "అమ్మాయ్, ఫొటో చూశావా? తోట ఎట్టా ఉంది?" అని అడిగాడు. "చూశాను నాన్నా, బాగుంది" అన్నాను. "కాయ బాగా దిగింది కదా?" అన్నాడు. "బాగా దిగింది" అన్నాను. ఇంత చిన్న అబద్ధం కూడా ఒక అబద్ధమేనా అని మీరు అడగొచ్చు. నాకు మాత్రం ఆ బస్సులో, మార్టూరు దాకా రోడ్డు పక్క కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు చూసుకుంటూ కూర్చుంటే సిగ్గేసింది.

మార్టూరులో హైవే మీద దిగితే రాయి పాలిషింగ్ యూనిట్లున్న వైపుకి ఆటో ముప్పై రూపాయలు. పేరు చెప్పి ఎక్కండి, అన్ని షెడ్లూ ఒకలాగే తెల్లటి దుమ్ము కొట్టుకుని ఉంటాయి. మా ఆటో అతను రెండుసార్లు తప్పిపోయి, "లొకేషన్ పెట్టించుకుని రావాల్సిందండీ" అని నన్నే అన్నాడు. "అది పెట్టేది కూడా ఆ యాపులోనే కదయ్యా" అంటే, "అవునవును, ఇవాళ నేను చూసి వచ్చిన దారి కూడా గుర్తు రావట్లా" అని నవ్వాడు. తొమ్మిదిన్నరకి షెడ్డు దొరికింది.

వీరాచారి గారికి అరవై దాటి ఉంటాయి. చెవులకి దూది, ముక్కుకి గుడ్డ. మా పలక గోడకి ఆనించి ఉంది. నాన్న పేరు తెల్లగా, లోతుగా, బాగా చెక్కారు. పైన నల్లగా నున్నగా ఖాళీ, అందులో నా మొహం కనిపిస్తోంది. ఫోన్ చూపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి, తెరకి బాగా దగ్గరగా పెట్టుకుని చూశారు.

"తలకి తువ్వాలు తెలుస్తోందమ్మా. ఈ ఎర్రది కాయేనా? మొహం మాత్రం పొగమంచే."

"కాసేపట్లో వచ్చేస్తుందిలెండి."

"పొద్దున్నుంచి ఇది మూడో ఫోనండీ, ఇదే మాట. ముందైతే గోడ మీద పటం ఊడదీసి చంకన పెట్టుకొచ్చేవాళ్ళు" అన్నారు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు, అలసటే ఉంది. "పన్నెండు దాకా చూస్తాను. అది దాటితే సాయంత్రానికి బొమ్మ అవదు. అయిదింటికి మీ ట్రాలీ ఆటో వస్తుంది, రేపు పొద్దున మేస్త్రి బిగిస్తాడు. ఆధార్ బొమ్మైనా సరే అంటే ఇప్పుడే మొదలుపెడతాను."

వద్దన్నాను. అమ్మ పొలానికి రానంది మరి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అయిదు నిమిషాలకోసారి బాణం నొక్కాను. కోత యంత్రం మోతకి తల పగిలిపోతోంది. పదకొండున్నరకి పక్క మెస్సులో భోంచేసి వచ్చాను. భోజనం వంద రూపాయలు, గోంగూర పచ్చడి మళ్ళీ అడిగి వేయించుకోండి. అన్నం మాత్రం తొందరగా అయిపోయింది. "షెడ్ల వాళ్ళంతా భోజనానికి ఎంతమందో గ్రూపులో పెడతారు, ఇవాళ ఏ కబురూ లేకపోతే ఎవరూ రారనుకున్నానమ్మా" అని ఆ వండే ఆవిడ మళ్ళీ ఎసరు పెట్టుకుంటోంది. ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటే, నిజమే, తోచలేదంది. నేను నవ్వలేదు, నాకు మాత్రం ఏం తోచింది గనక.

పన్నెండయింది. సున్నా తిరుగుతూనే ఉంది. వీరాచారి గారు సుద్దముక్క పుచ్చుకుని లేచారు. "ఆ ఫొటో కళ్ళారా చూసినవాళ్ళెవరన్నా ఉన్నారా?"

"మా తమ్ముడు చూశాడండి."

"అయితే చెప్పమనండి."

శ్రీనుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. వాడు ఆఫీసులోంచి మెట్ల మీదికి వచ్చి చెప్పాడు. మొహం ఒక పక్కకి జరిగిపోయింది, సగం చోటు తోటదే. తువ్వాలు కొస ఎడమ భుజం మీద పడింది. ఎండకి కళ్ళు చికిలించాడు కానీ మూసుకోలేదు. వీరాచారి గారు గీస్తూ, చేత్తో చెరుపుతూ, మళ్ళీ గీస్తూ పోయారు. పుట్టుమచ్చ దగ్గర పేచీ వచ్చింది. ఎడమ దవడ మీద అంటాడు వాడు, కుడి అంటాను నేను.

"నేను ఫొటో చూశానక్కా. నువ్వు చూడలేదు" అన్నాడు. కావాలని అన్నది కాదు. గట్టిగానే తగిలింది.

"సెల్ఫీని నమ్మకూడదు బాబూ, కొన్నిట్లో కుడి ఎడమవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి" అన్నారాయన. అమ్మకి చేశాం. అమ్మది చిన్న ఫోన్, దానికి యాపులూ లేవు, అవస్థా లేదు. ఒక్క రింగుకే ఎత్తింది.

"కుడి దవడ. గడ్డం గీసుకున్నప్పుడల్లా అక్కడే తెగేది, దూది నేనే అద్దేదాన్ని" అంది. "ఇదుగో, నవ్వుతున్నట్టు గీయొద్దని చెప్పవే ఆయనకి. మీ నాన్న నవ్వేవాడు కాదు. ఇప్పుడు నవ్వుతాడేమో అన్నట్టు ఉండేవాడు."

వీరాచారి గారు సుద్ద పక్కన పెట్టి, సన్నటి ఉలి తీశారు. నల్లరాయి మీద ఆ మొన తగిలిన చోటల్లా తెల్లగా పడుతుంది. ముందు తువ్వాలు వచ్చింది, తర్వాత ముక్కు, తర్వాత చికిలించిన కళ్ళు. పక్కన నాలుగు మిరప కొమ్మలు, నిండా కాయ. మధ్యలో ఆయన ఆగి నా వంక చూసినప్పుడల్లా, దవడ ఇంకాస్త లోపలికి, చెవి ఇంకాస్త పెద్దగా అని చెబుతూ పోయాను. నాన్న చెవి ఎంతుంటుందో నాకు తెలుసని అప్పటిదాకా నాకే తెలియదు.

నాలుగవుతుండగా ఫోన్ ఒళ్ళో వణకడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి ఆగిపోయిన పూలూ దేవుళ్ళూ శుభోదయాలూ సాయంత్రం పూట వరసపెట్టి వచ్చి పడ్డాయి. షెడ్డులో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. గ్రూపు తెరిచి, బాణం నొక్కాను. ఈసారి సున్నా తిరగలేదు. ఒక చిన్న డబ్బాలో రెండు వాక్యాలు వచ్చాయి.

"వచ్చిందా అమ్మా?" అన్నారు వీరాచారి గారు. "చూపించండి, తేడా ఏమన్నా ఉంటే సర్దుతాను."

"రాలేదండి. ఈ ఫొటో ఇక లేదట. పంపినవాళ్ళని మళ్ళీ పంపమని అడగండి అంటోంది."

"అడగండి మరి."

"పంపింది ఈయనేనండి" అన్నాను, పలక వైపు చూపించి.

ఆయన ముక్కు గుడ్డ విప్పి, దాంతో నాన్న మొహం మీద పడిన రాతి పొడి తుడిచారు. నేను అక్కడే, అంతమందిలో ఏడ్చాను. బస్సులో తిట్టినట్టు మళ్ళీ ఆ కంపెనీని తిడదామనుకున్నాను, నోరు రాలేదు. దించుకోని ఫొటోలు ఎన్నాళ్ళు దాస్తారో వాళ్ళు చెప్పలేదు, నిజమే. రెండేళ్ళు నేనూ నొక్కలేదు.

అయిదింటికి పలక ఎక్కింది, నేను ఆరింటి బస్సెక్కాను. ఆదివారం అమ్మ పొలానికి వచ్చింది. రాయి ముందు చాలాసేపు నిలబడి, కుడి దవడ మీద వేలు పెట్టి తడిమి, "కళ్ళు తెరిచే ఉన్నాడు" అంది. ఫొటో ఏమైందని అడగలేదు, నేను చెప్పలేదు. చేతిలో పట్టుకోలేని దాన్ని ఉందనుకుని బతకడం మనందరికీ అలవాటైపోయింది. అది ఒక పూట ఆగినప్పుడు తిడతాం, తిరిగి రాగానే మర్చిపోతాం. నాకు ఇక ఆ తిట్టే ఓపిక కూడా లేదు. ఆ రోజు తోటలో కాయ ఎంత దిగిందో మాత్రం నాకు ఎప్పటికీ తెలియదు.

మార్టూరులో బొమ్మ చెక్కించేవాళ్ళకి ఒక్క మాట: ఫొటో కాగితం మీద తీయించుకుని, పొద్దున పదింటి లోపు షెడ్డులో ఉండండి. అంతకంటే ముందు, మీ ఫోన్‌లో మీవాళ్ళు పంపింది ఏదన్నా మసగ్గా, బాణం గుర్తుతో ఉండిపోయి ఉంటే, ఇది చదవడం ఆపి దాన్ని నొక్కండి. పంపినవాళ్ళకి ఫోన్ చేసి, చూశానని చెప్పండి.