చివరి స్తంభం దగ్గర ఇల్లు

మా ఆయన ముప్పై ఏళ్ళు లైన్‌మన్‌గా చేశాడు. నందిగామ చుట్టుపక్కల ఆయన ఎక్కని స్తంభం లేదు. ఎక్కిన ప్రతిసారీ, దిగాక ఇంటికి ఫోను చేసి "దిగా" అనేవాడు. ఇంకో మాట ఉండేది కాదు. అది విన్నాకే నేను పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. చివరికి స్తంభం మీద కాదు, మంచంలోనే జ్వరంతో పోయాడు.

ఆయన పోయాక ఇంట్లో అలికిడి లేకుండా పోయింది. ఊరి చివర ఇల్లు మాది. లైనుకు చివరి స్తంభం మా గుమ్మం ఎదుటే. దాని అవతల అంతా మిరప చేలు. పొద్దున లేవగానే టీవీ పెట్టేస్తా. చూస్తానని కాదు, ఎవరో ఒకరు మాట్లాడుతుంటే చాలు.

పోయిన వేసవిలో డాబా మీద సోలారు పెట్టించా. దానికి కొత్త మీటరు బిగించేముందు కరెంటు ఆఫీసు నుంచి ఒకాయన పరీక్ష చేయడానికి వచ్చాడు. ఎర్తు తీగ చూశాడు, గోడకున్న ఇన్వర్టరు పెట్టె చూశాడు, ఆఖర్న మెయిన్ దించాడు. పెట్టె మీది పచ్చదీపం టక్కున ఆరిపోయింది. ఫ్యాను ఆగింది, టీవీ ఆగింది.

"పాసయిందమ్మా."

"ఇదేం పాసయ్యా? నెత్తి మీద ఎండ మాడ్చేస్తుంటే ఫ్యాను తిరగదేంది?"

"లైన్లో కరెంటు పోతే ఇదీ ఆగాలమ్మా. లేకపోతే మీ డాబా మీది కరెంటు తీగల్లోకి ఎదురెళ్తుంది. స్తంభం మీద మనిషుంటే ప్రాణం పోతుంది."

తల ఊపా. ఆయన మీటరు పక్కన పసుపు కాగితం ఒకటి అంటించి వెళ్ళాడు. నాకు చదవడం రాదు, దాని మీది పుర్రె బొమ్మ మాత్రం తెలుసు.

లైన్‌మన్ పెళ్ళాన్ని, ఆ మాట అందరికన్నా ముందు నాకు ఎక్కాలి. ఎక్కలేదు. ఎండలోంచి వచ్చే కరెంటుకు ఏం బలముంటుందిలే అనుకున్నా. వేసవంతా మధ్యాహ్నాలు కరెంటు పోయేది. పోగానే ఇల్లు నోరు మూసుకునేది. రెండు వారాలు ఓర్చుకుని, జగ్గయ్యపేట నుంచి ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించా.

"బ్యాటరీ పెట్టి కలిపేస్తా పిన్నిగారూ, కరెంటు పోయినా మీ టీవీ ఆగదు. కాకపోతే ముందు మెయిన్ దించాలి, తర్వాతే ఈ స్విచ్చి వేయాలి" అన్నాడు.

"మరిచిపోనులే" అన్నా.

మరిచిపోయా. ఒక మధ్యాహ్నం కునుకు పట్టింది. టీవీ ఆగేసరికి మెలకువ వచ్చింది. లేచి వెళ్ళి స్విచ్చి ఒక్కటే వేశా. సీరియల్లో అత్త మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది. హాయిగా వచ్చి పడుకున్నా.

"వదినా! ఓ వదినా!"

మా ఆయనతో కలిసి పనిచేసిన లైన్‌మన్ గొంతు. బయటికి వెళ్తే, స్తంభానికి నిచ్చెన వేసి నాలుగో మెట్టు మీద ఉన్నాడు.

"మీ సీరియల్ అత్త ఏ కరెంటు మీద తిడుతుంది వదినా? ఈ లైనుకు కరెంటు నేనే తీసేసొచ్చా గదా!"

నవ్వుతూనే అన్నాడు. నా మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. ఒక్కో మెట్టే కిందికి దిగాడు.

పరుగెత్తి స్విచ్చి కట్టేశా. అత్త గొంతు మధ్యలో తెగిపోయింది. అతను లోపలికి వచ్చి బ్యాటరీకి కలిపిన తీగలు చూశాడు.

"చివరి స్తంభమే గదా, ఎటునుంచి వస్తుందిలే అని కరెంటును నేలలోకి దించే ఎర్తు గొలుసు కూడా తీగల మీద వేయలా. టీవీ కాస్త చిన్నగా పెట్టుంటే పోయేవాణ్ణి వదినా."

"పీకెయ్ మరిదీ. మొత్తం పీకెయ్."

"అన్నతో ఇరవై ఏళ్ళు ఎక్కా. ఎవడి కొంపలోంచి కరెంటు ఎదురొస్తుందోనని ఇద్దరం భయపడేవాళ్ళం. అన్న కొంపలోంచే వస్తుందనుకోలా."

తీగలు పీకేసి, ఆఫీసాయన చేసినట్టే మెయిన్ దించి చూపించాడు. పచ్చదీపం ఆరింది.

ఇప్పుడు కరెంటు పోతే వెళ్ళి అరుగు మీద కూర్చుంటా. మా స్తంభం మీద పనుంటే అతను ముందు గేటు దగ్గర ఆగి "ఆరిందా వదినా?" అంటాడు. చూసొచ్చి "ఆరింది" అంటా. అయినా నా మాట మీద ఎక్కడు, తీగల మీద గొలుసు వేసుకునే ఎక్కుతాడు. మంచిదే.

మొన్న ఎక్కబోతుంటే అడిగా. "దిగాక ఒక మాట చెప్పి వెళ్ళు మరిదీ."

"ఎందుకు వదినా?"

"ఊరికే."

పని అయ్యాక గేటు మీదుగా "దిగా వదినా!" అని కేకేసి, బండెక్కి వెళ్ళిపోయాడు. కరెంటు ఇంకా రాలేదు. లేచి ఎసరు పెట్టా.