నాలుగో భాగం దాకా

వియన్నాలోని యోసెఫ్‌స్టాట్ పేటలో ఎవరింట్లో చావు జరిగినా ముందు కబురు వెళ్ళేది ఇగ్నాజ్ టూషల్‌కే. నలభై ఏళ్ళుగా చర్చిలో చావు ప్రార్థనల్లోనూ శవయాత్రల్లోనూ ట్రాంబోన్ ఊదుతున్న మనిషి. మెత్తటివాడు, నవ్వుముఖం. అయినా ఆ పొడుగు ఇత్తడి వాద్యం భుజాన వేసుకుని వీధిలోకొస్తే, జబ్బు మనిషి ఉన్న ఇంటివాళ్ళు కిటికీ మూసేసుకునేవాళ్ళు.

అరవై ఒకటో ఏట ఆయనకి మొదటిసారి చావుది కాని పిలుపు వచ్చింది. పేటలోని సంగీత సభవాళ్ళు ఒక పాత సింఫనీ వాయించబోతున్నారు. చెవుడు ముదురుతున్న రోజుల్లో ఓ మహానుభావుడు ఏళ్ళ తరబడి కుస్తీపట్టి రాసింది. మొదటిసారి వాయించిన రోజున హాల్లో జనం చలికి వణికిపోయారని వియన్నాలో ఇంకా చెప్పుకుంటారు. నాలుగు భాగాల్లో ట్రాంబోన్లకి పని ఆఖరి భాగంలోనే.

"మూడు భాగాలు ఊరికే కూర్చుని రావడానికా ఈ ముస్తాబు?" అంది భార్య వాల్‌బుర్గా, చొక్కా కాలరుకి గంజి పెడుతూ.

"కూర్చోవడం కూడా పనేనే," అన్నాడాయన.

మొదటి రిహార్సల్లోనే పరువు పోయింది. భాగానికీ భాగానికీ మధ్య ఆపుతారు కదా అని వాద్యాన్ని ఒళ్ళోనే ఉంచుకున్నాడు. మూడోది ఆగలేదు. భళ్ళున తెల్లారినట్టు నాలుగోదాంట్లోకి నడిచిపోయింది. మిగతా ఇద్దరు ట్రాంబోన్లవాళ్ళూ ఊదారు, ఆయన ఊదలేదు.

"ఏం టూషల్, శవం ఇంకా లేవలేదా?" అన్నాడు వయొలిన్ వాయించే ష్మోల్. అందరూ నవ్వారు.

బృందాన్ని నడిపే ప్లాంకల్ మాత్రం ఆయన్ని పక్కకి పిలిచాడు. "పెద్దాయనా, ఇది నాలుగు విడి ముక్కలు కాదు. మొదట్లో తలుపు బాదినట్టు మూడు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు దెబ్బ వినిపిస్తాయి కదా, అవే మూడోదాంట్లో మళ్ళీ తిరుగుతాయి. చివర్లో అంతా అణిగిపోయి నగారా ఒక్కటే గుండెలా కొట్టుకుంటుంది. అది వినగానే వాద్యం ఎత్తండి. ఆ చీకట్లోంచి అందర్నీ బయటికి లాగాల్సింది మీరే."

ఇంట్లో వాల్‌బుర్గాయే నగారా అయింది. పిండి పలక మీద చెక్క గరిటెతో మొదట మెల్లగా, తర్వాత గట్టిగా కొట్టేది. ఆయన ఊదేవాడు. రెండోరోజు కింది వాటా అపొలోనియా నల్ల శాలువా కప్పుకుని, సూప్ గిన్నెతో పైకొచ్చింది.

"ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదు. మా ఆయన సింఫనీలో వాయిస్తున్నారు."

అపొలోనియా గుమ్మంలోనే నిలబడి ఇంకోసారి విన్నది. "పెళ్ళి ఊరేగింపులా ఉందే," అని, తెచ్చిన సూప్ అక్కడే ఇచ్చేసి వెళ్ళింది.

కచేరీ రోజున మొదటి భాగమంతా ఆయన ట్రాంబోన్‌కి పెదాలు ఆనించే కొసని ఊడదీసి చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకున్నాడు. రెండోది నిదానమైంది, తీయనిది. కునుకొస్తుందేమోనని తొడ గిల్లుకున్నాడు. మూడోదాంట్లో లోగొంతు తీగ వాద్యాలు దొంగల్లా మెట్లెక్కి దిగాయి. అన్నీ అణిగాయి. నగారా వినిపించింది. ఆయన వాద్యం ఎత్తి, ముగ్గురిలో ఒకడై, గుండెనిండా ఊదాడు.

అంతా అయ్యాక ష్మోల్ తనే ఆయన కోటు తెచ్చి తొడిగాడు.

"ఎలా ఉంది?" అని దారిలో భార్యని అడిగాడు.

"నాకేం తెలుసు. మీ ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆఖర్న మీ బుగ్గలు ఎర్రబడ్డాయి చూడండి, అప్పుడు ఏడుపొచ్చింది."

సభవాళ్ళు తర్వాత ఇంకో రెండుసార్లు పిలిచారు. శవయాత్రలు మాత్రం ఆయన మానలేదు. "పోయినవాళ్ళకీ ఎవరో ఒకరు ఊదాలిగా," అనేవాడు.