గంగాధర్ ఇంటి వంటగది నేల

2004లో నేను సౌదీలో, ఖతీఫ్ దాటాక వచ్చే ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో వడ్రంగి ఫోర్‌మన్‌గా పనిచేస్తున్నాను. క్యాంపుకు ఒకవైపు ఖర్జూరపు తోటలు, ఇంకోవైపు సముద్రం. వేసవిలో సముద్రపు తేమకు తలుపులు ఉబ్బిపోయి మూసుకునేవి కావు. వాటి అంచులు చెక్కడంతోనే నాకు సగం రోజు గడిచిపోయేది. ఆ ఏడాది మార్చిలో మా క్యాంపు మేనేజర్ నన్ను పిలిపించాడు. ఆయన ఈజిప్టు మనిషి, అరబ్బీలో మేనేజర్‌ను పిలిచినట్టే అందరం ముదీర్ అనేవాళ్ళం. వెనక గేటు దగ్గర పాడుబడి ఉన్న మొబైల్ హోమ్‌ను లోపలంతా కొత్తగా చెయ్యాలన్నాడు. ఆరు వారాల గడువు.

మొబైల్ హోమ్ అంటే చక్రాల మీద కట్టిన ఇల్లు. అడుగున ఉక్కు చట్రం, దానిమీద చెక్క దూలాలు, పైన అల్యూమినియం రేకు గోడలు. ట్రక్కుకు తగిలించి ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. మా దగ్గరున్నది ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ కింద అమెరికా నుంచి తెచ్చింది. చక్రాలు ఊడదీసి, నేలకు మూడడుగుల ఎత్తున కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టారు. రెండు గదులు, సన్నటి నడవ, ఒక వంటగది, ఒక స్నానాలగది. కొన్నేళ్ళుగా అందులో పాత ఏసీలు, చిరిగిన పరుపులు పడేసేవాళ్ళు.

"ఎవరికోసం?" అని అడిగాను.

"ఇంజనీర్ గంగాధర్ ఫ్యామిలీ వస్తోంది" అన్నాడు ముదీర్.

నేను సరేనని తలూపి బయటికి వచ్చాను. ఎండలో కాసేపు ఊరికే నిలబడ్డాను.

గంగాధర్, నేను ఒకే విమానంలో ఈ దేశానికి వచ్చాం. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె, వాళ్ళది పక్క ఊరు. నేను తాతల నాటినుంచి వడ్రంగం చేసే ఇంటివాణ్ణి. అతనికి సివిల్‌లో డిప్లొమా ఉంది, కానీ ఏజెంటుకు దొరికిన వీసా వడ్రంగిది కాబట్టి వడ్రంగిగానే వచ్చాడు. రంపం పట్టుకోవడం తెలియదు. మొదటి నెల అతని వంతు పని కూడా నేనే చేసి పెట్టాను. ఉలి ఎట్లా పట్టాలో, అరిపాదంతో నేల గట్టిదనాన్ని ఎట్లా పసిగట్టాలో నేర్పింది నేనే. నాలుగేళ్ళు ఒకే గదిలో కింది మంచం నాది, పై మంచం అతనిది.

తర్వాత ఒకరోజు సైటులో డ్రాయింగులో ఏదో తప్పుంటే అతను పట్టుకున్నాడు. ముదీర్ ఆశ్చర్యపోయి సర్టిఫికెట్లు తెప్పించమన్నాడు. ఏడాది తిరిగేసరికి గంగాధర్ ఇకామాలో వృత్తి మారింది. ఇకామా అంటే ఇక్కడ మనం ఉండటానికి ఇచ్చే కార్డు. నా కార్డు మీద అరబ్బీలో నజ్జార్, అంటే వడ్రంగి అని ఉంటుంది. అతని కార్డు మీద ముహందిస్, అంటే ఇంజనీరు అని పడింది. నజ్జార్‌కు ఫ్యామిలీ వీసా రాదు. ముహందిస్‌కు వస్తుంది. అప్పటికి నేను నా భార్య పద్మతో కలిసి ఉన్న రోజులు, ఎనిమిదేళ్ళలో వచ్చిన సెలవులన్నీ కలిపినా ఏడు నెలలు దాటవు.

ఆ శుక్రవారం పద్మకు ఫోన్ చేస్తే తనే చెప్పింది.

"గంగాధర్ పెండ్లాం సరళ వస్తున్నదట గదా ఆడికి. మన నల్ల సూట్‌కేసు అడిగితే ఇచ్చిన."

"నా సూట్‌కేసా?"

"ఊకె అటక మీద పడున్నది గదా. నేనేడికి పోయేదున్నది?"

ఫోన్ కార్డులో నిమిషాలు ఇంకా ఉండగానే ఫోన్ పెట్టేశాను.

పని మొదలైంది. గంగాధర్ రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా మీద రంపపు పొట్టు పడుతున్నా పట్టించుకోకుండా తిరిగేవాడు. "చారన్నా, వంటింట్ల ప్లాట్‌ఫాం ఎంత ఎత్తు పెడ్తున్నవ్?" అని అడిగాడు ఒకరోజు.

"ముప్పై ఆరు ఇంచులు. అందరికీ అంతే."

"ముప్పై రెండు పెట్టరాదే. సరళ పొట్టిది. భుజాలు నొస్తయ్ దానికి."

సరేనన్నాను. ఆ మాట మాత్రం ముల్లులా దిగింది. ఈ దేశంలో ఎన్ని వంటిళ్ళు చేశానో లెక్కలేదు, పద్మ భుజం ఎంత ఎత్తుకు వస్తుందో ఆలోచించి ఒక్క పలక కూడా కోయలేదు. ఇంకోరోజు, కూతురు బడిసంచి తగిలించుకోవడానికి గోడకు ఒక కొక్కెం కొట్టమన్నాడు. ఎంత ఎత్తులో అంటే ఆ పిల్ల ఎత్తు చేత్తో చూపించాడు. నా కొడుకు ఎత్తు నాకు ఫోటోల్లోనే తెలుసు. ఫోటోలో పక్కనున్న తలుపును బట్టి అంచనా కట్టుకోవడమే.

పైకి కనిపించే పని మాత్రం ఎంతో బాగా చేశాను. వంకర గోడ పలకలు తీసేసి కొత్తవి బిగించాను. అలమర తలుపులు రెండు వేళ్ళతో తోస్తే మూసుకునేట్టు చేశాను. నా చేతిలో లోపం ఎవరూ చూపించకూడదన్న పట్టుదల అది. అసూయ ఉన్నవాడికి గర్వం కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

అసలు సంగతి నేల దగ్గర వచ్చింది. ఆ ఇళ్ళలో దూలాల మీద పార్టికల్ బోర్డు పరుస్తారు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక అది. పొడిగా ఉన్నంతకాలం రాయిలా ఉంటుంది. నీళ్ళు తగిలితే నానిన రొట్టెలా అయిపోతుంది. వంటగదిలో సింకు కింది పైపు ఎన్నేళ్ళుగా కారిందో ఏమో, పాత షీటు లేపి చూస్తే సింకు ముందు రెండడుగుల మేర నల్లబడి ఉంది. మా ప్లంబర్ సాదిక్ భాయ్, పెషావర్ వైపు పెద్దాయన, స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. పిడి దాకా దిగింది.

"ఉస్తాద్, యే గల్ గయా. పహలే యే బదలో" అన్నాడు. కుళ్ళిపోయింది, ముందు ఇది మార్చు అని.

చేయాల్సింది నాకు తెలుసు. కుళ్ళిన బోర్డును ఒక దూలం నుంచి ఇంకో దూలం దాకా కోసి తీసెయ్యాలి, దెబ్బతిన్న దూలం పక్కన కొత్తది జత చెయ్యాలి, పైన నీళ్ళకు తట్టుకునే మెరైన్ ప్లై వెయ్యాలి. రెండు రోజుల పని. ప్లై స్టోరులోనే ఉంది. గడువుకు ఇంకా మూడు వారాలున్నాయి. తొందరపడ్డానని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

"హో జాయేగా భాయ్" అన్నాను, అయిపోతుందిలే అని. సాదిక్ భాయ్ నా మొహంకేసి ఒకసారి చూసి పైపు బిగించుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ కుళ్ళిన చోటు మీద పలచటి ప్లైవుడ్ ముక్క ఒకటి కొట్టి, దాని మీద గోధుమరంగు వినైల్ షీటు పరిచేశాను. చూడటానికి అద్దంలా ఉంది. దాన్ని పరిచేటప్పుడు నా మనసులో ఉన్న మాట ఇప్పుడు దాచుకోను. అన్నీ ఇతనికే సరిగ్గా ఎందుకు ఉండాలి అనుకున్నాను.

ఇల్లు అప్పగించే రోజు గంగాధర్ చేతిలో స్నాగ్ లిస్టుతో వచ్చాడు. లోపాలు రాసే కాగితం అది. ఇంజనీరు దాంట్లో ఏది రాస్తే అది మళ్ళీ చెయ్యాలి. అతను బూట్లు విప్పి వట్టికాళ్ళతో లోపలికి వచ్చాడు. గదులు, నడవ అయిపోయి వంటగదిలో సింకు ముందుకొచ్చి ఆగాడు. మడమ ఆనించి బరువు వేశాడు. ఇంకోసారి వేశాడు. నేను కిటికీ గొళ్ళెం సరిచేస్తున్నట్టు అటు తిరిగాను.

"మంచిగ చేసినవే అన్నా" అని సంతకం పెట్టి కాగితం చేతికిచ్చాడు. దాంట్లో సంతకం తప్ప ఒక్క అక్షరం లేదు.

ఆఫీసు కుర్చీలో కూర్చుని పనితనం మర్చిపోయాడు అనుకున్నాను. సిగ్గులేకుండా సంతోషించాను కూడా.

సరళ, వాళ్ళ ఐదేళ్ళ కూతురు నిత్య ఏప్రిల్ చివర్లో వచ్చారు. వరసగా మూడు శుక్రవారాలు గంగాధర్ నన్ను భోజనానికి పిలిచాడు. కడుపు బాగా లేదని ఒకసారి, బట్టలు ఉతుక్కోవాలని ఒకసారి, ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నాలుగో శుక్రవారం కారేసుకుని మా గది ముందుకే వచ్చాడు. ఇక తప్పలేదు.

సరళ గుమ్మంలోనే "రా అన్నా, పద్మ వదిన నీ గురించే చెప్పింది" అని పలకరించింది. అలమర మీద నా నల్ల సూట్‌కేసు ఉంది. ఇంట్లోంచి చేపల పులుసు వాసన. నిత్య నడవలో ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెడుతోంది. ఒక ఇల్లు ఇల్లులా ఉండటం చూసి ఎన్నాళ్ళయిందో!

చేతులు కడుక్కుందామని వంటగదిలోకి వెళ్ళాను. సింకుకు అడ్డంగా, నేను షీటు పరిచిన చోటే, ఒక చెక్క బల్ల పెట్టి ఉంది. కుళాయి అందుకోవాలంటే పక్కనుంచి వంగాలి.

"ఈయన పిచ్చి గాకపోతే ఏందన్నా!" అంది సరళ వెనకనుంచి. "గీ బల్ల జరుపనియ్యడు. నిల్సోని బోళ్ళు తోముకుందామంటే లేదు. బిడ్డె ఇటు ఉరికొస్తే వీపు మీద రెండు దెబ్బలు. ఇంటి దగ్గర దాన్ని ఎన్నడు కొట్టనోడు."

నేను గంగాధర్ వైపు చూశాను. అతను పళ్ళెంలో అన్నం వడ్డిస్తూ తల ఎత్తలేదు.

ఆ పూట ఏం తిన్నానో గుర్తులేదు. భోజనాలయ్యాక ఇద్దరం బయట మెట్ల మీద కూర్చున్నాం.

"నీకు ఆ రోజే తెలుసా?" అన్నాను.

"నువ్వు నేర్పిన పనే గదా."

"మరి ఎందుకు రాయలేదురా?"

"రాస్తే ముదీర్ ఊకుంటడా? వచ్చే నెల నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉన్నది. ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలేటోడు. నువ్వే వచ్చి విప్పుతవనుకున్న. మూడు వారాలు పిల్చింది పులుసు కోసం అనుకున్నవా?"

"బిడ్డ కాలు దిగబడితే ఏం చేసేటోనివి?"

అతని గొంతు పెరిగింది. "నాకు భయం లేదనుకుంటున్నవా? ఆఫీసుల కూసున్నా నా పానమంతా ఈ వంటింట్లనే ఉంటున్నది! నీకు ఎగ్జిట్ కావద్దు, నా బిడ్డకు ఏం కావద్దు. నడుమ నేను సస్తున్న."

నేను తల దించుకున్నాను. ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ నిమిషంలో కూడా నాకు అసూయే కలిగింది. ఇంజనీరు అయ్యాడు, భార్యాబిడ్డలను తెచ్చుకున్నాడు, ఇప్పుడు మంచితనంలో కూడా నన్ను దాటిపోయాడు. ఇందులోనైనా నాకు కాస్త మిగల్చకూడదా అనిపించింది.

లేచి లోపలికి వెళ్ళాను. బల్ల పక్కకు జరిపి, "చెల్లె, ఈ నేల కింద కుళ్ళింది. నాకు తెలిసే మీద షీటు కప్పిన. తప్పు నాది" అని చెప్పాను.

సరళ మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో నేలను అదిమి చూసింది. షీటు లోపలికి కుంగింది.

"తెలిసే కప్పినవా?"

"అవును."

"సలసల కాగే నూనె పట్టుకోని నిలబడే జాగ అన్నా ఇది. నా బిడ్డె తిరిగే జాగ. నిన్ను మేమేమన్న అన్నమా?"

"లేదు."

"మరెందుకు?"

ఏం చెప్పను? నా భార్య అక్కడ, నువ్వు ఇక్కడ అని చెప్పాలి. బల్లను మళ్ళీ ఆ చోటి మీదికి జరిపాను. ఆమె పిల్లను ఎత్తుకుని పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు ముదీర్ దగ్గరికి వెళ్ళి, వంటగదిలో నేల పని సరిగ్గా చెయ్యలేదని, రెండు రోజులు మళ్ళీ చేస్తానని చెప్పాను. అతను అరబ్బీలో బాగా తిట్టాడు. ఫోర్‌మన్ పని తీసేసి మామూలు వడ్రంగిగా రాసి కాంట్రాక్టు పొడిగించాడు. పంపించెయ్యనందుకు నేను మారుమాట్లాడలేదు. షీటు చించి, కుళ్ళినదంతా కోసి చూస్తే ఒక దూలం సగం పొడై ఉంది. కింద ఇసుక కనిపించింది. ఇంకో నెల ఆగి ఉంటే ఆ చోట ఎవరో ఒకరి కాలు దిగబడేది. కొత్త దూలం జత చేసి ప్లై వేస్తున్నప్పుడు గంగాధర్ ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. కొలతలు చెప్పుకున్నాం, మేకులు అందించుకున్నాం.

గంగాధర్ ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. సరళ మాత్రం మర్చిపోలేదు. ఆ రెండు రోజులూ మంచినీళ్ళు కూడా అడగలేదు. ఆ తర్వాత చాలా నెలలు ఎదురుపడితే తలూపి వెళ్ళిపోయేది. పద్మకు మాత్రం ఆమె చెప్పలేదు. ఆ పని నేనే చేశాను, ఫోన్‌లో. "నాకు గూడ సరళ మీద మస్తు కుళ్ళు పుట్టింది. కని నేనేం జేసిన? ఒక్కదాన్నే కూసోని ఏడ్సిన. నువ్వు గట్లనే ఏడ్వకపోయినవా?" అంది పద్మ.

నా ఇకామాలో నజ్జార్ అన్న మాట చివరిదాకా మారలేదు. ఇంకో ఆరేళ్ళు అక్కడే పనిచేసి ఇంటికి వచ్చేశాను. గంగాధర్ క్షమించడం వల్ల నా మనసు తేలికైంది, అంతే. పనిలో నన్ను మార్చింది మాత్రం సరళ క్షమించకపోవడమే. మనం కట్టిన ఇంట్లో ఉండేవాళ్ళకు మన కష్టాలతో పనిలేదు. వాళ్ళు మన పని మీద కాలు పెట్టి నిలబడతారు.

నాకు అసూయ పోయిందని చెప్పను. ఇప్పటికీ జగిత్యాలలో ఎవరికైనా మంచి ఇల్లు చేస్తుంటే ఒక్కోరోజు లోపల కుతకుతమంటుంది. అట్లాంటి రోజున తలుపులకు పాలిష్ పెడతాను, గడపలు చెక్కుతాను. అందరికీ కనిపించే పనులన్నమాట. మీద కప్పేసే పని ఏదైనా ఉంటే దాన్ని ఆ రోజు ముట్టుకోను. మర్నాడు చేస్తాను.