చదవనిదే అవును కొట్టను

తాండూరులో నా ఆడబిడ్డకు బండల మీద పేర్లు చెక్కే కార్ఖానా ఉంది. చెక్కేది మిషను, దాన్ని నడిపేది కంప్యూటర్. దాన్ని నడిపించే వ్యవస్థ లినక్స్, అదీ మూలం కోడ్ నుంచి కట్టుకునే రకం. ప్రోగ్రాములు బియ్యంలా వస్తాయి, మన కంప్యూటరే వాటిని వండుకోవాలి. వారానికోసారి దాన్ని అప్‌గ్రేడ్ చేసే పని నాది. నేను తెలుగు అక్షరాలు నేర్చింది నలభై ఐదేళ్లప్పుడు, ఇంగ్లీషు ఇంకా తరువాత. అయినా నాలుగేళ్లలో నా చేతి కింద ఆ మిషను ఒక్కపూట ఆగలేదు. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకుంటే అనుకోండి.

మందను మేపినవాణ్ణి. గొర్రెల కాళ్లు వారం వారం చూస్తే ముల్లు తీస్తే సరిపోతుంది, నెల ఆగితే పుండవుతుంది. ఇదీ అంతే. ముందు ఏమేం మారతాయో జాబితా చూస్తాను. ఆ లినక్స్ తయారుచేసినవాళ్లు రాసిన సూచనలు చదువుతాను. తెలియని మాటను తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో ఎక్కించుకుని బిడ్డకు ఫోన్ చేస్తాను. ఒకసారి "డిప్రికేటెడ్" అని చదివి వినిపించాను.

"పాతగైంది, జల్ది తీసేస్తరని నాయినా."

"నా లెక్కనా?"

"నిన్ను తీసేసే మొనగాడు ఎవడున్నడు?" అని నవ్వింది.

పోయిన ఏడాది కంటి ఆపరేషనై నెలన్నర వికారాబాద్‌లో బిడ్డ ఇంట్లోనే ఉండిపోయాను. అప్‌గ్రేడ్లు ఆగిపోయాయి. తిరిగి కార్ఖానాకు వెళ్లిన ఆదివారం నా కుర్చీలో అల్లుడు కూర్చుని ఉన్నాడు. ఆయన ఇంజినీరు.

"ఇగ నీకెందుకు పరేషాన్ మామా, కండ్లు గుంజుతయి. ఇయ్యాల్టి సంది నేను చేస్త."

మరునాడు బంట్వారం బడికి పేరు బండ చెక్కాలి. నాకు మాత్రం నా పని చేజారుతోందన్నదే దిగులు. పక్కన నిలబడ్డాను.

మధ్యాహ్నం దాకా కంప్యూటర్ ఒక్కొక్కటీ కట్టుకుంటూ పోయింది. చివర్లో అడిగింది: ముప్పై రెండు సెట్టింగుల ఫైళ్లున్నాయి, మీ పాతవి ఉంచాలా, కొత్తవి పెట్టాలా? అల్లుడు అన్నిటికీ ఒకేసారి కొత్తవే పెట్టమనబోయాడు. చేయి పట్టుకున్నాను.

"చదివినవా?"

"గిన్ని ఎవరు చదువుతరు మామా? అందరు గిట్లనే కొడ్తరు."

"చదవకుంట కొడ్తే అది నిశాని. నేనంటే సదువు రాక ఏసిన. నీకేమైంది?"

నిశాని అంటే మాకు వేలిముద్ర. ఏం రాసుందో తెలియని కాగితం మీద బొటనవేలు ఒత్తి రెండెకరాల చెలక పోగొట్టుకున్నవాణ్ణని ఆయనకు తెలుసు. లేచి స్టూలు మీదికి మారాడు.

వరుస వరుసకూ వేలు పెట్టి పైకి చదివాను. ఏడో ఫైలులో బిడ్డ స్వయంగా చేర్చిన వరుస కనిపించింది. కంప్యూటర్ లేవగానే చెక్కే మిషనును లేపేది అదే. కొత్త ఫైలులో అది లేదు.

"గిది పోతే?" అన్నాడు అల్లుడు.

"కంప్యూటరు లేస్తది, మిషను పంటది. రేపంత ఏడ తప్పయిందో దేవులాడుకుంట కూసుంటవ్."

ఆ వరుస ఉంచాం. మిగిలిన ఇరవై ఐదూ చదివాం. వికారాబాద్ వెళ్లే ఆయన రైలు వెళ్లిపోయింది. కంప్యూటర్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే మిషను లేచింది, దాని చెక్కే తల గిర్రున తన మూలకు వచ్చి నిలబడింది.

"వచ్చే ఆదివారం నువ్వే చెయ్యి మామా. నేను పక్కన కూసుంట."

"కూసో. నడుమ నడుమ తొందర మాత్రం పెట్టకు," అన్నాను.