లొవీసా చేతిరాత

కెజయా థ్రాల్ ముప్పై ఏళ్లు మా మసాచుసెట్స్ వారపత్రికలో అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటరు. కథ వస్తే ప్రెస్సు మేస్త్రీ దాన్ని ముక్కలుగా కత్తిరించి మనిషికొకటి పంచేవాడు. రాతప్రతిలో ఉన్నదే కూర్చాలి. అది కిటికీలోంచి ఎగిరిపోతే వెనకాలే దూకాలన్నది మా ప్రెస్సులో సామెత. కెజయా ఒక్క కామా మార్చిన పాపాన పోలేదు.

అంతర్యుద్ధానికి ముందు అన్నీ దయ్యాల కథలే. పాడుబడ్డ భవంతులు, సమాధిలోంచి లేచొచ్చే పెళ్లికూతుళ్లు. కెజయా నవ్వేది.

"చచ్చినవాళ్లకి ఇన్నేసి ఉపన్యాసాలెందుకే డ్రూసీ?"

యుద్ధమయ్యాక గాలి మారింది. "దయ్యాలు చాలు. మన వంటిళ్లు, మన మనుషులు, జరిగింది జరిగినట్టు కావాలి" అన్నాడు సంపాదకుడు టిల్టన్.

ఆ అక్టోబరులో ఒక మధ్యాహ్నం కెజయా కూర్చిన ముక్క ప్రూఫు, తప్పులు దిద్దే నా బల్ల మీదకొచ్చింది. జ్వరంతో కాలిపోతున్న చెల్లెలు లొవీసా నీళ్లకోసం పిలుస్తోంది. విసిగిన అక్క బయట గడియపెట్టి పడుకుంది. తెల్లారేసరికి పిలుపు ఆగిపోయింది. అక్క పేరు కెజయా.

సరిచూద్దామని రాతప్రతి తీశాను. రెండువైపులా తెల్లకాగితం. కెజయా దగ్గరికి పట్టుకెళ్లాను.

"ఇందులో ఏమీ లేదే, కెజయా!"

"కళ్లద్దాలు తుడుచుకో. మా లొవీసా రాత నాకు తెలీదా?"

ఖాళీ కాగితం మీద వేలు జరుపుతూ పైకి చదివింది. ప్రూఫుతో అక్షరం తేడా లేదు. లొవీసా పోయి ఇరవై ఏడేళ్లు. జ్వరంతో పోయిందనే ఊరంతా అనుకుంది.

"ఇది అచ్చయితే ఊళ్లో తలెత్తుకోలేవు."

"ఇన్నాళ్లూ ఎత్తుకుని ఏం బావుకున్నాను? లొవీసాయే చెప్పమంటోంది. వేసెయ్యవే, నీకు పుణ్యముంటుంది."

భయంతోనే అచ్చుకి వెళ్లొచ్చని ప్రూఫు మీద సంతకం పెట్టాను.

కథ అచ్చయ్యాక వచ్చిన ఆదివారం చర్చి బయట జనం ఆమెను చుట్టుముట్టారు. మొహాన ఉమ్మినా భరించడానికి సిద్ధపడి, నల్లగౌనులో నిటారుగా నిలబడింది కెజయా.

"మీ అక్కచెల్లెళ్ల పేర్లు పెట్టేశాడే ఆ రచయిత! గడుసువాడు!"

"ఎంత సహజంగా ఉందో! తర్వాతి భాగం ఎప్పుడమ్మా?"

"అది కథ కాదు. నేనే గడియపెట్టాను" అంది కెజయా.

అందరూ పకపకా నవ్వారు. టిల్టన్ చప్పట్లు కొట్టాడు.

ఇంటిదారిలో ఆమె నా మణికట్టు పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా.

"ఒక్కరూ నమ్మలేదే, డ్రూసీ. ఇంట్లో లొవీసా అడిగితే ఏం చెప్పను?"